పసుపు గుడ్డ మీదికి నెట్టిన తప్పు: బరంపురం మీదుగా సోనేపూర్

ఈ వేసవికి ముందు మా పాత కంపెనీ వాళ్ళం తొమ్మిదిమంది విశాఖపట్నంలో ఒక హోటల్లో భోజనానికి కలిశాం. కార్లకి కొత్త కొత్త భాగాలు కనిపెట్టి దేశాన్ని ఉద్ధరిద్దామనుకున్న చిన్న కంపెనీ అది. మూతపడి చాలాకాలమైంది. రిటైరైన ఆటోమొబైల్ ఇంజనీర్లు ఒకచోట చేరితే మొదటి పావుగంట బీపీ, షుగరు గురించి మాట్లాడుకుంటారు. ఆ తర్వాత పెరుగన్నం దాకా తాము చెడగొట్టిన కార్ల గురించే. ఆ రోజూ అంతే జరిగింది. ఆ భోజనమే నన్ను చివరికి బరంపురం రైలెక్కించింది.

ముందు మాట్లాడే డ్యాష్‌బోర్డు కథ వచ్చింది. తలుపు సరిగ్గా పడకపోయినా, హ్యాండ్‌బ్రేక్ దించకపోయినా కారే నోరు తెరిచి చెప్పాలి. మా అకౌంట్స్ సెక్షన్ అమ్మాయి గొంతు రికార్డు చేసి పెట్టాం. పరీక్షకి కారు తీసుకెళ్ళిన విజయనగరం పెద్దమనిషి వారం తిరక్కుండా వెనక్కిచ్చేశాడు. వాళ్ళమ్మగారు ఆ కారెక్కనని భీష్మించుకుందట. ఎవరో అమ్మాయి లోపల కూర్చుని పెద్దవాళ్ళకి పనులు పురమాయిస్తోందని ఆవిడ ఫిర్యాదు. తర్వాత స్టీరింగుతో పాటు తిరిగే హెడ్‌లైట్లు. ఒక గోతిలో పడి అవి ఎడమవైపే బిగుసుకుపోతే, మా మేనేజరుగారు అనకాపల్లి నుంచి రోడ్డు తప్ప అన్నీ చూసుకుంటూ వచ్చారు. ఎవరి వరండాలో ఎవరు ఏ కూర తరుగుతున్నారో కూడా ఆయనకి గుర్తుంది. ఇక తలుపు వేయగానే తనంతట తానే వచ్చి ఒంటిని చుట్టుకునే సీటు బెల్టు అయితే, కంపెనీ పెద్దగారి భార్య కొంగు పట్టుకుని లాక్కుపోయింది. ఆ బెల్టు ఊసు మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

అందరం పడీపడీ నవ్వుతున్నాం. అప్పుడు ఒకాయన నా వైపు తిరిగి, "మరి మీ పసుపు గుడ్డ కేసో?" అన్నాడు. బల్ల చుట్టూ ఇంకో విడత నవ్వు. నేనూ నవ్వాను. నవ్వుతూనే నా చెయ్యి ప్లేటులో ఆగిపోయింది, మళ్ళీ ముద్ద నోటిదాకా రాలేదు. ఆ గుడ్డ కట్టిన మనిషికి ఇది నవ్వులాటే అయిందా అన్న ఆలోచన నాకు ఈ పంతొమ్మిదేళ్ళలో రాకపోలేదు. వచ్చిన ప్రతిసారీ దాన్ని తోసేశాను.

ఆ కేసు ఏమిటో చెప్పకపోతే ఈ ప్రయాణం మీకు అర్థం కాదు. క్లచ్ పెడల్ లేని కారు నా ఆలోచన. ట్రాఫిక్‌లో ఎడమ మోకాలు అరిగిపోతోందని ఏ డ్రైవరుని అడిగినా చెప్పే రోజులవి. గేర్ రాడ్డు లోపల మిరియపు గింజంత స్విచ్చు పెట్టాను. డ్రైవరు గేరు మార్చడానికి రాడ్డు మీద చెయ్యి వేసి కాస్త తోస్తే స్విచ్చు నొక్కుకుంటుంది, ఒక చిన్న మోటారు క్లచ్‌ని విడిపిస్తుంది. చెయ్యి తీస్తే క్లచ్ మళ్ళీ పట్టుకుంటుంది. కాలితో పనే లేదు. కంపెనీలో అందరూ మెచ్చుకున్నారు, నాకో వెండి పళ్ళెం కూడా ఇచ్చారు. డిజైన్ సెక్షన్ మొత్తానికి ఆడ ఇంజనీరుని నేనొక్కదాన్నే. ఆ పళ్ళెం పట్టుకున్న రోజు నేల మీద నడవలేదంటే నమ్మండి.

సముద్రపు గాలికి ఎలా తట్టుకుంటుందో చూడ్డానికి ఒక కారుని బరంపురం పంపాం. నడపడానికి సోనేపూర్‌కి చెందిన కామయ్య అనే డ్రైవరుని పెట్టుకున్నాం. తరతరాలుగా ఆ తీరంలో స్థిరపడిన తెలుగు మత్స్యకారుల కుటుంబం అతనిది. ఇంట్లో పడవ వదిలి స్టీరింగు పట్టింది అతనొక్కడే. నెల గడిచాక రెండుసార్లు ఫోన్ చేశాడు. చెయ్యి వేయకపోయినా క్లచ్ వదిలేస్తోందని, కాసేపటికి దానంతటదే పట్టేస్తోందని చెప్పాడు. నేను డైరీలో 'డ్రైవరుకి రాడ్డు మీద చెయ్యి ఆన్చే అలవాటు' అని రాసుకుని వదిలేశాను. మూడోసారి ఫోన్ రాలేదు, ప్రమాదం వార్త వచ్చింది. ఛత్రపూర్ దగ్గర రైల్వే వంతెన ఎక్కుతుండగా క్లచ్ వదిలేసింది. బండి వెనక్కి జారుతుంటే అతను ఎక్సిలరేటర్ తొక్కాడు. ఇంజను గొంతు చించుకుంటున్న ఆ క్షణంలోనే క్లచ్ ఒక్కసారిగా పట్టేసింది. కారు ఎగిరి ముందున్న లారీని గుద్దింది. కామయ్య కుడి మోకాలు నుజ్జయింది.

కారు చూడ్డానికి నేనే వెళ్ళాను. గేర్ రాడ్డుకి ఒక పసుపు గుడ్డ కట్టి ఉంది. కొత్త పడవ నీళ్ళలోకి దిగే ముందు ఇంటి ఆడమనిషి దాని ముక్కుకి పసుపు గుడ్డ కట్టడం వాళ్ళ ఆచారం. మొగుడు నడిపేది కారు కాబట్టి, భార్య దేవుడమ్మ ఆ గుడ్డని గేర్ రాడ్డుకి కట్టింది. మొదటిసారి ఫోన్ వచ్చేనాటికి ఆ గుడ్డ లేదు. బండి మొరాయిస్తోందని మొగుడు ఇంట్లో చెప్పలేదు, ఆ తర్వాత మంచిరోజు చూసి ఆమె కట్టింది. ఆ సంగతి కామయ్య ఆస్పత్రిలో అప్పుడే నాకు చెప్పాడు. గుడ్డ కిందికి నా వేలు సులువుగా దూరింది కూడా. తర్వాత స్విచ్చు విప్పి చూశాను. లోపల రాగి రేకుల మీద పచ్చగా చిలుము పట్టి, రెండూ అతుక్కుపోయి ఉన్నాయి. ఉప్పుగాలి చేసిన పని అది. చూశాను, మూత పెట్టేశాను. రిపోర్టులో 'డ్రైవరు భార్య బిగించి కట్టిన గుడ్డ వల్ల స్విచ్చు నొక్కుకుపోయి ప్రమాదం జరిగింది' అని రాశాను. సముద్రపు గాలి ఏం చేస్తుందో చెప్పమని కారుని అక్కడికి పంపింది మేమే. అది చెప్పిన జవాబు నాకు నచ్చలేదు, అంతే.

ఇక ప్రయాణం సంగతి. విశాఖపట్నంలో ఉదయం ఆరున్నర ప్రాంతంలో రైలెక్కితే నాలుగున్నర గంటల్లో బరంపురంలో దిగొచ్చు. ఒడియా వాళ్ళు బ్రహ్మపూర్ అంటారు, స్టేషన్ బోర్డు మీద కూడా అదే ఉంటుంది. రిజర్వేషన్‌తో కూర్చునే సీటుకి నూటయాభై దాటలేదు. పలాస దాటాక ఎడమవైపు కిటికీ దొరికితే కొండలు చూడొచ్చు. నాకు కుడివైపు దొరికింది, పైగా చూసే మనసూ లేదు. స్టేషన్‌కి దగ్గర్లోనే లాడ్జిలో తొమ్మిది వందలకి శుభ్రమైన గది ఇచ్చారు. ఆ మధ్యాహ్నమే సోనేపూర్ వెళ్ళే వీలున్నా, ముందు ఛత్రపూర్ వంతెన చూడాలని నాకు నేనే చెప్పుకున్నాను. ముప్పై అయిదు రూపాయల బస్సు టికెట్టు, ముప్పావుగంట ప్రయాణం. కోర్టు పనుల మీద వెళ్ళేవాళ్ళతో బస్సు కిటకిటలాడింది. వంతెన మామూలు వంతెనే. దాని మీద లారీలు, స్కూటర్లు, చెరుకు బండి ఒకటి ఎక్కుతున్నాయి, దిగుతున్నాయి. పది నిమిషాలు నిలబడి చూశాను. చూడాల్సింది అక్కడ ఏమీ లేదు. ధైర్యం చాలక ఒక పూట వాయిదా వేశానని అప్పుడు ఒప్పుకున్నాను.

మర్నాడు పొద్దున్నే గేట్ బజార్ వెళ్ళాను. బట్టల కొట్లు ఇంకా తెరవలేదు కానీ టిఫిను బళ్ళ దగ్గర జనం అప్పటికే మూగారు. ఉప్మా అడిగాను. బండి దగ్గరున్నావిడ తెలుగు వినగానే మొహం విప్పార్చి, "దాన్లోకి ఘుగునీ ఎయ్యమంటారేటమ్మా?" అంది. ఘుగునీ అంటే బఠానీల మసాలా కూర.

"ఉప్మాలోకా?" అన్నాను.

"తిని సూడండి. బాగోనేదంటే డబ్బులివ్వకండి. మా అత్తోళ్ళది ఇచ్ఛాపురం, ఆల్లూ మొదట మీలాగే మొహం పెట్టినారు."

బాగుంది. నలభై రూపాయలకి కడుపు నిండిపోయింది. బరంపురం వెళ్ళినవాళ్ళు అది తినకుండా రావద్దు. అక్కడే కిలో ఆపిల్ పళ్ళు కొన్నాను. కొన్న మరుక్షణం సిగ్గేసింది. విరిగిన కాలికి ఆపిల్ పళ్ళు పట్టుకెళ్ళే మొహం నాది.

సోనేపూర్ బరంపురానికి దక్షిణాన, బాహుదా నది సముద్రంలో కలిసే చోటికి దగ్గర. అటూఇటూ ముప్పై కిలోమీటర్లు. బస్సుల మీద ఆధారపడితే రోజంతా పోతుందన్నారని ఆటో మాట్లాడుకున్నాను. రానూపోనూ, ఒక గంట ఆగడానికి కలిపి తొమ్మిది వందలు. ఆటోవాలా రైల్వే కాలనీలో పుట్టి పెరిగిన తెలుగువాడు. ఆయన తాతగారు ఉద్యోగం కోసం సోంపేట నుంచి వచ్చారట. బండి కొత్తది, బ్యాటరీతో నడిచేది. హైవే ఎక్కగానే దాన్ని మెచ్చుకోవడం మొదలుపెట్టాడు.

"దీనికి క్లచ్చూ నేదు, గేరూ నేదండి. ఎడం కాలు హాయిగా ముడుసుకుని కూకోడమే. డీజిలు బండి తోలినన్నాల్లూ మోకాలు నొప్పితో సచ్చిపోయినాను. ఎవుడు కనిపెట్టినాడో గానీ, ఆడి కడుపు సల్లగా."

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఆ కలే కదా నేనూ కన్నది! ఇప్పుడు సగం కార్లు క్లచ్ పెడల్ లేకుండానే వస్తున్నాయి. నా ఆలోచనలో తప్పు లేదు. ఒక చిన్న స్విచ్చుకి గాలి చొరని మూత చేసి, ఇంకో ఏడాది పరీక్షించి ఉంటే నిలబడేదేమో. నిలబెట్టుకునే దారి అదే. నేను ఇంకో దారి తొక్కాను.

పది గంటలకి సోనేపూర్ చేరాం. ఊళ్ళోకి వస్తూనే ఎండుచేపల వాసన తగిలింది. ఇసకలో రంగురంగుల పడవలు వరసగా ఉన్నాయి. కామయ్య ఇల్లు మొదట అడిగినామెకే తెలుసు. రెండు గదుల ఇల్లు, ముందు రేకుల పంచ. పంచలో కుడికాలు బారచాపుకుని ఒక మనిషి వలకి చిరుగులు అల్లుతున్నాడు. జుట్టు బాగా నెరిసింది. నన్ను చూసి కాసేపు కళ్ళు చికిలించాడు.

"ఇంజనీరమ్మగారు కదేటి!" అని లేవబోయాడు. నేను వద్దంటున్నా లేచి, కుంటుకుంటూ లోపలికెళ్ళి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేశాడు. "ఎన్నాల్లకమ్మా! కంపినీ ఎలాగున్నాది?"

మూతపడిందని చెప్పాను. "అయ్యో" అన్నాడు. ఆ అయ్యోలో ఎత్తిపొడుపు ఏమాత్రం లేదు. అది ఉంటే నాకు కాస్త సులువుగా ఉండేది. దేవుడమ్మ ఏదని అడిగితే, చేపల వేలానికి వెళ్ళిందని, పదకొండు దాటితే గానీ రాదని చెప్పాడు. ఇద్దరు కొడుకుల్లో పెద్దవాడు కేరళలో పడవ మీద పనిచేస్తున్నాడు, చిన్నవాడికి ఇక్కడే సొంత పడవ ఉంది. మాటల్లో పడి చిన్నవాడి పడవ సంగతి చెబుతూ అతని గొంతు తగ్గింది.

"ఆ పడవకి గుడ్డ పక్కింటామె కట్టింది. మా తమ్ముడు పడవ దించినప్పుడే దీన్ని పిలవడం మానేసినారు. మొగుడి బండికి కడితే మొగుడి కాలే పోయింది, ఆ సెయ్యి మంచిది కాదు అని వాడలో అందరూ అనుకున్నారు. సొంత కొడుకు పడవకి అదే రానంది. లోపల తలుపేసుకు కూకుంది."

"మీరు చెప్పలేదా, గుడ్డ వల్ల కాదని?"

"సెప్పకేటి! వొందసార్లు సెప్పినాను. గుడ్డ కట్టకముందే బండి అలాగ సేసిందే అన్నాను. ఇంజనీరమ్మ కాయితం మీద రాసింది, నువ్వు నా మనసు కోసం అలాగంటన్నావు అంటాది. మీ కంపినీ గుమస్తా ఆస్పత్రికొచ్చి సదివి ఇనిపించినాడు కదా, ఆ మాట దాని సెవిలోంచి పోనేదు. మీరైనా పొరపాటు పడినారు గానీ, కావాలని సెయ్యరు కదా."

అక్కడ నేను ఊరుకోవచ్చు. పొరపాటు పడ్డానని, క్షమించమని అంటే సరిపోయేది. కానీ అనలేదు. స్విచ్చు విప్పి చూశానని, చిలుము నా కళ్ళతో చూశానని చెప్పాను. కామయ్య చేతిలో అల్లికబద్ద ఆగింది.

"సూసినారా?"

"చూశాను."

"సూసి కూడా గుడ్డని రాసినారా?"

తలూపాను. అతను వల ఒళ్ళోంచి తీసి పక్కన పెట్టాడు. పంతొమ్మిదేళ్ళుగా అతను నన్ను తెలియక తప్పు చేసిన మనిషిగా అనుకుంటూ వచ్చాడు. ఆ మర్యాద కూడా నా చేతులతో నేనే తీసేసుకున్నాను. చివరికి తలెత్తకుండానే, "సరేనమ్మా. నాకు సెప్పినారు, సాలు. దానికి నాను సెప్తాను. మీరు ఎల్లిపోండి" అన్నాడు. నన్ను కాపాడుతున్నాడో, నేను ఎదురుగా ఉండడం భరించలేకపోతున్నాడో తెలీలేదు. సరిగ్గా అప్పుడే ఆటో అతను వచ్చి, మాట్లాడుకున్న గంట అయిపోవచ్చిందని, ఛార్జింగు కూడా తక్కువే ఉందని, పదకొండుకల్లా బయల్దేరితే మంచిదని గుర్తుచేశాడు. నిజం చెప్పాలంటే నేను కుర్చీలోంచి లేచాను. చేతిసంచీ భుజాన వేసుకున్నాను కూడా. కానీ అతను చెబితే ఆమె నమ్మదని ఇప్పుడే కదా విన్నాను! మళ్ళీ కూర్చున్నాను. ఇంకో రెండు గంటలు ఆగితే మూడు వందలు ఎక్కువిస్తానని, ఊళ్ళో ఎక్కడైనా ఛార్జింగు పెట్టుకోమని ఆటో అతన్ని పంపేశాను.

దేవుడమ్మ తల మీద ఖాళీ సిల్వర్ తట్టతో వచ్చింది. సన్నగా, పొడుగ్గా ఉంది. నన్ను గుర్తుపట్టి తట్ట దించకుండా అలాగే నిలబడింది. నేను లేచి నిలబడి అంతా మళ్ళీ చెప్పాను. మొదటి ఫోన్లు, డైరీలో నేను రాసుకున్న మాట, చిలుము, రిపోర్టు. ఈసారి ఏ ఒక్కటీ దాచలేదు. ఆమె తట్ట దించి గోడకి ఆనించింది.

"అంటే నా గుడ్డ కాదేటి?"

"కాదమ్మా. అసలు కాదు. నా స్విచ్చు."

"మరి గుడ్డని ఎందుకు రాసినావు?"

ఈ ప్రశ్నకి రైల్లో నాలుగున్నర గంటలూ జవాబు తయారుచేసుకున్నాను. అదంతా ఎటో పోయింది. "నా ఆలోచన పోతుందని భయపడ్డాను. అక్కడ ఆడ ఇంజనీరుని నేనొక్కదాన్నే. తప్పు నాదంటే నిలబడనివ్వరనుకున్నాను" అన్నాను.

"నానూ ఒక్కదాన్నే కదమ్మా" అంది దేవుడమ్మ. గట్టిగా కూడా అనలేదు.

నాకు ఏడుపొచ్చింది. ఆమె నా ఏడుపుని పట్టించుకోలేదు. ఆపిల్ పళ్ళ సంచీ వైపు కూడా చూడలేదు. కాళ్ళు కడుక్కుని, కొంగుతో మొహం తుడుచుకుని, "నడువు. నాకు సెప్తే ఏటవుతాది. వాడలో సెప్పు" అని ముందుకి కదిలింది. కామయ్య "ఒద్దే, ఆవిడ పెద్దావిడ" అంటున్నా వెనక్కి తిరిగి చూడలేదు. నేను ఆమె వెనక, అతను మా వెనక నడిచాం.

పడవల దగ్గర తాటాకుల పందిరి కింద పాతికమంది దాకా ఉన్నారు. ఆడవాళ్ళు ఎండుచేపలు ఏరుతున్నారు, మగవాళ్ళు వలలు సర్దుతున్నారు. దేవుడమ్మ నన్ను మధ్యలో నిలబెట్టి, "ఈవిడే ఆ కాయితం రాసిన ఇంజనీరమ్మ. ఏటి సెప్తాదో ఇనండి" అంది. కంపెనీలో పెద్ద పెద్ద వాళ్ళ ముందు మాట్లాడినదాన్ని, అక్కడ మాట రాక తడబడ్డాను. రెండు ఆల్చిప్పలు తీసుకుని, ఇవి స్విచ్చులో రేకులనుకోండి, మధ్యలో చిలుము పడితే ఇలా అతుక్కుపోతాయి అని చూపించాను. ఒక నడివయసు మనిషి ఆల్చిప్పల్ని, నన్ను మార్చి మార్చి చూశాడు.

"ఉప్పుగాలికి మా ఇంటి తాలాలే మూడు నెల్లకి పట్టేస్తాయి. ఆ పాటి తెల్దేటమ్మా మీకు?" అన్నాడు. ఇద్దరు ముగ్గురు నవ్వారు. నేనూ నవ్వబోయి ఆగిపోయాను. ఎందుకంటే ఆ మాట నిజం. ఊరంతటికీ తెలిసిన సంగతి కనిపెట్టడానికి మేము కారుని పంపాం, మనిషి కాలు విరిగాక కూడా ఒప్పుకోలేదు. గుడ్డది తప్పు కాదని, దేవుడమ్మ చేతిది తప్పు కాదని, తెలిసే అబద్ధం రాశానని మూడుసార్లు చెప్పాను.  చేపలు ఏరుతున్న ఒక ముసలామె తలెత్తి అడిగింది.

"మరి ఇన్నేల్లూ ఏటి సేసినావమ్మా?"

 ఉద్యోగం చేశాను, జీతం తీసుకున్నాను, స్నేహితులతో ఆ కథ చెప్పుకుని నవ్వాను. అవేవీ అక్కడ చెప్పగలిగిన మాటలు కావు. కంపెనీ బతికున్నన్నాళ్ళూ నాకు పోయేదుంది కాబట్టి రాలేదు. ఇప్పుడు పోయేదేమీ లేదు కాబట్టి వచ్చాను. ఆమె నా మొహంలో అది చదివిందో ఏమో, ఇంకేమీ అడక్కుండా తల దించుకుని పని చూసుకుంది.

తిరిగి వస్తున్నప్పుడు దేవుడమ్మ ముందు నడిచింది. ఇసక దాటి గట్టి నేల మీదికి వచ్చాక ఆగి, వెనకబడిన మొగుడి కోసం చూసింది. అతను దగ్గరికి వచ్చాక అంది, "నా మనసు కోసం అబద్దం ఆడతన్నావనుకున్నాను. ఇన్నేల్లూ అదే అనుకున్నాను."

"నాకు అబద్దం ఆడటం వొచ్చునేటే?" అన్నాడు కామయ్య. నవ్వుతూ అనబోయి మొహం సముద్రం వైపు తిప్పుకున్నాడు.  ఆమె అతని నడకకి తగ్గట్టు నెమ్మదిగా, పక్కనే నడిచింది. నేను వాళ్ళకి పది అడుగులు వెనక ఉండిపోయాను. చెయ్యి మంచిది కాదన్న నింద ఆమెకి ఎక్కడ తగిలిందో నేను ఊహించుకుంటూ వచ్చాను. కానీ నా రిపోర్టు ఆమె దగ్గర్నుంచి తీసుకుపోయింది అంతకంటే పెద్దది. ఒక ఇంట్లో మొగుడు రోజూ నిజం చెబుతుంటే, పెళ్ళాం రోజూ దాన్ని అబద్ధం అనుకుంది. అతను చెప్పిన ప్రతిసారీ ఆమెకి బాధ ఇంకాస్త పెరిగింది. ఇది నేను ఏ రిపోర్టులోనూ ఊహించలేదు.

నన్ను క్షమించానని ఆమె అనలేదు. మంచినీళ్ళిచ్చింది, తాగాను. కామయ్య ఆటో దాకా వచ్చాడు. ఒంటిగంటకి బయల్దేరితే రెండింటికి బరంపురంలో ఉన్నాను. సాయంత్రం రైలు దాకా లాడ్జిలో కూర్చుని ఆ సంగతంతా తెల్లకాగితం మీద తెలుగులో రాసి, కింద సంతకం పెట్టి, స్టేషన్ దగ్గర పోస్టాఫీసులో కామయ్య పేరుకి కాకుండా దేవుడమ్మ పేరుకి రిజిస్టర్ చేశాను. నవ్వుకోవడానికి మాకింకా చాలా కార్లున్నాయి. మాట్లాడే డ్యాష్‌బోర్డుని తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. దాని వల్ల ఎవరికీ ఏమీ కాలేదు మరి. ఆలోచనలు చెడిపోతే బాధపడక్కర్లేదు, వాటిని ఇంకెవరో ఎప్పుడో బాగుచేస్తారు. ఆ ఇంట్లో ఇద్దరి మధ్య పోయిన పంతొమ్మిదేళ్ళని నేను గానీ, ఇంకెవరు గానీ బాగుచేయలేం. ఈ పశ్చాత్తాపం తీరేది కాదని తెలిసి రైలెక్కాను.

సోనేపూర్ వెళ్ళాలనుకునేవాళ్ళకి ఒక సలహా. సముద్రం, పడవలు చూడ్డానికైతే పొద్దున్న ఏడింటికల్లా అక్కడ ఉండండి, పదయ్యేసరికి ఎండ మండుతుంది. మనుషుల్ని కలవడానికైతే మాత్రం పదకొండు దాటాకే వెళ్ళండి. అప్పటిదాకా ఆడవాళ్ళు చేపల వేలం దగ్గరే ఉంటారు. ఆటో ఎంతసేపు ఆగాలో ముందే గట్టిగా మాట్లాడుకోండి. నేను పదింటికి వెళ్ళాను, ఆటోని ఒక్క గంటకే మాట్లాడుకున్నాను. ఇంకొంచెమైతే ఆమె రాకముందే, టైమైపోయిందన్న వంకతో వచ్చేసేదాన్ని.